పేషెంటుతో చర్చించాను

1999. మాదాపూర్‌లో హైటెక్ సిటీ గుండ్రటి భవనం తెరిచి ఇంకా ఏడాది కూడా కాలేదు. దానికి కాస్త దూరంలో, పగలగొట్టకుండా మిగిలిన బండరాళ్ల పక్కన, ఒక అద్దె భవనం రెండో అంతస్తులో మా ఆఫీసు. చేసే పని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. మా చుట్టాలకు అది "ఏదో కంప్యూటర్ ఉద్యోగం".

అమెరికాలో డాక్టరు రోగిని చూశాక, చూసిందీ చేసిందీ ఫోనులో చెప్పి రికార్డు చేస్తాడు. దాన్ని డిక్టేషన్ అంటారు. వాళ్లకు సాయంత్రమయ్యేసరికి మనకు తెల్లవారుతుంది. మేం ఆఫీసుకు చేరేలోపు ఆ గొంతులన్నీ మా కంప్యూటర్లలో సిద్ధంగా ఉంటాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్‌తో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, విన్నది విన్నట్టు టైపు చేసి సాయంత్రానికి తిప్పి పంపాలి. జీతం లైన్ల లెక్కన. అందుకని తరచూ వచ్చే వాక్యాలకు ఎక్స్‌పాండర్ అనే సదుపాయం ఉండేది. రెండు మూడు అక్షరాలు కొడితే పూర్తి వాక్యం తెర మీద పడుతుంది.

అట్లా మేం ఎక్కువగా వాడిన వాక్యం ఒకటుంది. దాదాపు ప్రతి ఆపరేషన్ నోట్‌లోనూ వచ్చేది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో, అందులో లాభనష్టాలేమిటో పేషెంటుతో చర్చించాను. ఆమె అర్థమైందని చెప్పింది. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చాను." దీనికి మేం, డిస్కస్డ్ విత్ పేషెంట్ అనే ఇంగ్లీషు మాటల్లోంచి, డి.డబ్ల్యు.పి. అని మూడక్షరాలు పెట్టుకున్నాం. డాక్టరు ఆ మాట మొదలుపెట్టగానే మూడు మీటలు నొక్కి పెడల్‌తో ముందుకు దూకేవాళ్లం.

మా టీమ్ లీడర్ యాదగిరి గారు మొదటి రోజే చెప్పారు. "మీరు డాక్టర్లు కాదు. ఇన్నది కొట్టుర్రి, అంతే. అర్థం చేస్కునుడు పెట్టుకుంటే లైన్లు కావు. జర యాదుంచుకోండి."

నాకు అదే చేతకాలేదు. మైక్రోబయాలజీలో డిగ్రీ చదివాను. ఇంట్లో ఏడాదిన్నర పాప. పొద్దున టైపు చేసిన జబ్బల్లా సాయంత్రం మదీనాగూడలో మా ఇంటికి నాతోపాటే వచ్చేది. మెదడు వాపు గురించి టైపు చేసిన రోజు మెడ పట్టేసిందేమోనని పాప తల పది సార్లు వంచి చూసేదాన్ని. గుండె చప్పుడు గురించి టైపు చేస్తే దాని ఛాతీకి చెవి ఆనించి కూర్చునేదాన్ని. నా పక్క సీటు ప్రమీలకు ఇదంతా వేడుక.

"ఏం సుజాతక్కా, ఈ దినం నీకు ఏం రోగమొచ్చింది?" అని అడిగేది బస్సులో.

ప్రమీలది ప్రొద్దుటూరు. నాకంటే రెండేళ్లు చిన్న. పెళ్లయి మూడేళ్లయింది. భర్త శేఖర్ ఖాజాగూడ రాళ్ల అవతల ప్లాట్లు అమ్మించే పనిలో ఉండేవాడు. ఆమె వేళ్లు ఎంత వేగంగా కదిలేవంటే, యాదగిరి గారు కొత్తవాళ్లను తీసుకొచ్చి ఆమె వెనక నిలబెట్టి చూపించేవారు.

ఆ వేసవిలో మా టీమ్‌కు తల, మెడ ఆపరేషన్లు చేసే ఒక సర్జన్ డిక్టేషన్లు వచ్చి పడ్డాయి. రోజూ థైరాయిడే. గొంతు కింద, ముందువైపు, రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా అంటుకుని ఉండే గ్రంథి అది. అందులో గడ్డ లేస్తే ఆ సర్జన్ వరసగా ఏం చేస్తాడో వారం తిరిగేసరికి మాకు కంఠతా వచ్చింది. ముందు చేత్తో తడుముతాడు. మింగమంటాడు. మింగినప్పుడు గడ్డ పైకి లేస్తే అది థైరాయిడ్‌దే. తర్వాత స్కాన్. ఆ తర్వాత ఎఫ్.ఎన్.ఎ.సి., అంటే సన్నటి సూదితో గడ్డలోంచి కొన్ని కణాలు లాగి మైక్రోస్కోపు కింద చూడటం.

ఒక మధ్యాహ్నం ప్రమీల తల వెనక్కి వంచి సీసాతో గటగటా నీళ్లు తాగుతోంది. మెడకు ఎడమవైపు, గొలుసుకు కాస్త పైన, చిన్న రేగుపండంత ఉబ్బు గుటకతోపాటు పైకి లేచి కిందికి దిగింది.

"ప్రమీలా, ఇంకో గుక్క తాగు."

"ఎందుకు?"

"తాగు ముందు."

తాగింది. మళ్లీ లేచింది. చెప్పాను. ఆమె పగలబడి నవ్వింది.

"అయిపాయె! నీ పాపకు చూసినావు, నీకు చూసుకున్నావు, ఇంగ నా వంతు వచ్చిందా? అది నాకు తెలుసు లేక్కా. పిల్లల కోసమని డాక్టరు దగ్గరికి పోయినప్పుడే రక్తపరీక్ష చేసినారు. థైరాయిడ్ నార్మల్ అని రాసిచ్చినారు."

"ఈ గడ్డ చూశాడా ఆయన?"

"చూపించినా. రిపోర్టు నార్మల్ గదమ్మా, ఇంగేం అన్నాడు."

"చేత్తో తడిమాడా?"

"లేదు" అంది.

నా కోపం అక్కడ మొదలైంది. ఈ రోజుకీ తగ్గలేదు. ఆ రక్తపరీక్ష చెప్పేది గ్రంథి ఎంత పని చేస్తోందనే. దానిలో లేచిన గడ్డ మంచిదో చెడ్డదో చెప్పడం దాని పని కాదు. మా సర్జన్ రోగుల్లో చాలామందికి రక్తపరీక్ష నార్మలే. ఆ మాట రాసిన రెండు లైన్ల కిందే సూది పరీక్షలో క్యాన్సర్ అని టైపు చేసేవాళ్లం. రంగురంగుల బోర్డులు పెట్టి హెల్త్ ప్యాకేజీలు అమ్మే క్లినిక్కులు మా దారి పొడుగునా పుట్టుకొస్తున్న రోజులవి. ఎదురుగా కూర్చున్న మనిషి మెడ మీద నాలుగు వేళ్లు ఆనించడానికి ఏ ప్యాకేజీ కావాలి? ఆ డాక్టరు అది చేయలేదు. పైగా "నార్మల్" అనే ఒక్క మాటతో ఆమె మళ్లీ అడగకుండా నోరు మూయించాడు.

ప్రమీల నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "టైపు కొట్టీ కొట్టీ నీకు అందరూ రోగుల మాదిరే కనిపిస్తాండారు" అంది. మూడో రోజు తనే వచ్చి, "ఆ సర్జన్ ఫైలు ఒకటి నాకూ వచ్చిందక్కా. రక్తపరీక్ష నార్మల్. కిందకి పోతే..." అని ఆగిపోయింది.

ఆ వారమే శేఖర్ ఆమెను సిటీలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. సూది పరీక్ష చేశారు. రిపోర్టు అతనే వెళ్లి తెచ్చాడు.

"నీరుగడ్డంట అక్కా. పసరు కట్టు కడితే కరుగుతాదంట" అంది ప్రమీల, బరువు దిగిన మొహంతో. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. పసరు కట్టు మాట ఆసుపత్రివాళ్లు చెప్పి ఉంటారా అని మాత్రం కొంచెం అనుమానం కలిగింది.

తర్వాత రోజుల్లో ఆమె మెడకు స్కార్ఫ్ చుట్టుకుని రావడం మొదలుపెట్టింది. లోపల బాచుపల్లిలో ఎవరో కట్టిన ఆకుపసరు పట్టీ. ఏసీ గదిలో ఆ వాసన మా వరసంతా తెలిసేది. చర్మం పొక్కి, నీరు కారి, హెడ్‌ఫోన్ వైరు తగిలితే చాలు మెలికలు తిరిగేది. గడ్డ మాత్రం కరగలేదు. ఆమె లైన్లు తగ్గాయి. యాదగిరి గారు వచ్చి, "ఏందమ్మా ప్రమీలా, గిట్లయితే ఎట్ల? పుండు మానినంక రా, నీ ఫైళ్లు నేను కొడ్త. ఫికర్ చెయ్యకు" అన్నారు. ఆమె వినలేదు.

ఒక సాయంత్రం శేఖర్ ఆమెను తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆమెకింకా ఒక ఫైలు మిగిలి ఉంది. నేను కిందికి దిగితే, టీ బండి దగ్గర నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, నీకో దండం. దాని దగ్గర ఆ గడ్డ మాట ఎత్తొద్దు."

"ఎందుకండీ? నీరుగడ్డే కదా?"

అతను తల దించుకున్నాడు. "క్యాన్సరంట. ఏదో పాపిలరీ అని రాసినారు. దానికి సెప్పలేదు. ఆ మాట ఇన్యాదంటే అది ఆ దినమే సగం సచ్చిపోతాది."

టీ గ్లాసు బండి మీద పెట్టేశాను. "ఆపరేషన్ ఎప్పుడు?"

"ఆపరేషనా? కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతాదంట గదక్కా! మా చిన్నాయనకు నోట్లో వచ్చినప్పుడు కోసినారు. ఆరు నెల్లు తిరగలేదు, పోయినాడు. అందుకే పసరు కట్టిస్తాండా. ఉన్నన్ని దినాలు నవ్వుకుంటా ఉండనీ."

అతని కళ్లలో నీళ్లు. ప్రేమ లేదని నేనెట్లా అనగలను? కానీ ఆ క్షణంలో అతని చొక్కా పట్టుకుని కుదిపేయాలనిపించింది. పాపిలరీ అంటే ఏమిటో నాకు టైపు చేసి చేసి తెలుసు. థైరాయిడ్ క్యాన్సర్లలో తరచుగా వచ్చేదీ, నెమ్మదిగా పెరిగేదీ, వేళకు గ్రంథి తీసేస్తే ఎక్కువమంది నిండుగా బతికేదీ అదే. నోటి క్యాన్సర్‌కూ దీనికీ పేరులో ఒక ముక్క కలిసింది, అంతే. ఇతను ఆ చావును తెచ్చి దీనికి తగిలించి, భార్యకు తెలియకుండా ఆమె ఆయువు లెక్కలు వేసేస్తున్నాడు.

"ఆసుపత్రిలో డాక్టరు ఏం చెప్పారండీ?"

"రిపోర్టు కోసం పోతే ఆయనే బయటికి వచ్చినాడు. ఇది క్యాన్సర్, ఆపరేషన్ చేయాల, ఇంట్లో మాట్లాడుకుని రండి, ఆమెకు ఇప్పుడే ఏం చెప్పొద్దులే అన్నాడు. వరండాలో నిలబడే చెప్పినాడు. ఇంగో పేషెంటు వచ్చేసరికి లోపలికి పోయినాడు."

"మీరేం అడిగారు?"

"ఏం అడగాల్నో నాకేం తెలుసక్కా?"

ఇదీ మన ఆనవాయితీ. గదిలో మంచం మీద పేషెంటు ఉంటుంది. వరండాలో తీర్పు చెబుతారు. విన్నవాడికి అర్థమైందా అని అడిగేవాడుండడు. అర్థం కాని ఆ ముక్కను అతను ఇంటికి తీసుకెళ్లి, భయాన్ని కలిపి, పసరు చేసి ఆమె మెడకు కడతాడు. దీనికి మనం పెట్టుకున్న పేరు "బంధువులకు చెప్పాం". నాకు శేఖర్ మీద వచ్చిన కోపం కన్నా, తెల్లకోటు వేసుకుని వరండాలో రెండు నిమిషాల్లో చేతులు దులుపుకున్న ఆ పెద్దమనిషి మీద వచ్చిన కోపమే ఎక్కువ.

"శేఖర్ గారూ, ఈ రాత్రే మీరు చెప్పండి. మీరు చెప్పకపోతే రేపు నేను చెబుతాను. తర్వాత నన్ను తిట్టుకోండి, పడతాను" అన్నాను.

"చెప్పొద్దక్కా" అన్నాడు. అంతలో ప్రమీల మెట్లు దిగి వచ్చింది.

అతను చెప్పలేదు. మర్నాడు ఆమె పొద్దున రాగానే, "ఏం రోగమక్కా ఈ దినం?" అన్నప్పుడే తెలిసిపోయింది.

భోజనాల వేళ అందరూ వెళ్లేదాకా ఆగాను. నేరుగా చెప్పడానికి నోరు రాలేదు. "ప్రమీలా, నీ రిపోర్టు నువ్వు చూశావా?" అన్నాను.

"ఆయన చూసినాడు గదా."

"నీకు చూడాలని ఉందా? అందులో ఏముందో తెలుసుకోవాలని ఉందా? వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను."

చేతిలో ముద్ద డబ్బాలోనే వదిలేసింది.

"పేరు చెప్పక్కా."

"పాపిలరీ."

"మనం కొట్టేదేనా?"

"అదే."

ఆమె ఏడవలేదు. శేఖర్ భయపడ్డట్టు సగం చచ్చిపోలేదు. డబ్బా మూత పెట్టి, రెండు చేతులతో గట్టిగా నొక్కింది.

"అయితే అది కోస్తే పోయేది గదా."

"చాలామందికి పోతుంది. నీకెట్లా ఉందో డాక్టరే చెప్పాలి. నేను టైపిస్టుని."

అప్పుడు వచ్చింది ఆమెకు కోపం. లేచి స్కార్ఫ్ లాగేసి, ఆ పట్టీ ఊడదీసి చెత్తబుట్టలో పారేసింది. "ఈ మెడ నాది గదక్కా? ఈ గొంతు నాది గదా? రోజూ ఎందరి కోసం కొడ్తాండా, పేషెంటుతో చర్చించాను, పేషెంటుతో చర్చించాను అని! అమెరికాలో ఎనబై ఏండ్ల ముసలామెకు చెప్తారే! ఆమె ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్తారే! నాకెందుకు చెప్పరు? నాకు చెవులు లేవా?"

మూడు మీటలు నొక్కి ఎన్నిసార్లు దాటేశానో ఆ వాక్యాన్ని. అందులో ఉన్నది ఒక మనిషికి ఇంకో మనిషి ఇచ్చే మర్యాద అని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

రెండు రోజుల తర్వాత ముగ్గురం ఆ ఆసుపత్రికి వెళ్లాం. శేఖర్ నా వైపు చూడలేదు. డాక్టరు పెద్దాయన, మెత్తగా మాట్లాడే మనిషి. మమ్మల్ని చూడగానే, "శేఖర్ గారూ, మీరొకసారి బయటికి రండి" అన్నారు.

"వద్దు సార్" అంది ప్రమీల. "నాకు చెప్పండి. ఆయన కూచుని ఇంటాడు."

"భయపడతావని అమ్మా. మన దగ్గర పేషెంట్లు తట్టుకోలేరు. ఇంట్లోవాళ్లకు చెప్పడమే పద్ధతి."

"తట్టుకునేది ఇంట్లోవాళ్లు కాదు సార్, నేనే గదా. పసరుతో పొక్కింది వాళ్ల మెడ కాదు."

ఆయన ఆ పొక్కుల్ని అప్పుడు చూశారు. ఇదేమిటన్నట్టు శేఖర్ వైపు తిరిగారు. శేఖర్ నేల చూపులు చూస్తూ, "కత్తి తగిలితే పాకుతాదని..." అన్నాడు. డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తను వరండాలో చెప్పి వదిలేసిన మాట ఎక్కడిదాకా వెళ్లిందో ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది.

అప్పుడు చెప్పారు, చాలాసేపు. అరచేతిని గ్రంథిగా చూపించి, దాని వెనకే గొంతు నరం ఎట్లా వెళుతుందో, దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురు పోయే ప్రమాదం ఉందనీ దాచకుండా చెప్పారు. కత్తి వల్ల క్యాన్సర్ పాకదనీ, వదిలేస్తేనే మెడలోని లింఫు బిళ్లలకు పాకుతుందనీ చెప్పారు. గ్రంథి మొత్తం తీసేశాక జీవితాంతం రోజూ ఒక మాత్ర వేసుకోవాలనీ, మిగిలిన కణాల కోసం రేడియో అయోడిన్ అనే మందు ఇవ్వాల్సి రావచ్చనీ, ఆ కొద్ది రోజులూ ఒంటరి గదిలో ఉండాలనీ చెప్పారు.

"పిల్లలు?" అంది ప్రమీల.

"ఆ మందు తర్వాత కొంతకాలం ఆగాలి. ఎంత కాలమో అప్పుడు చెబుతాను. పుట్టరని మాత్రం ఎవరైనా అంటే నమ్మకు."

శేఖర్ ఉన్నట్టుండి మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. అతనికీ ఈ మాటలన్నీ ఎవరూ చెప్పలేదు మరి. బయటికి వచ్చాక ప్రమీల అతనితో అన్న మాట ఒక్కటే: "నువ్వొక్కడివే ఎన్ని దినాలు ఏడ్చినావు? నాకు చెప్పింటే ఇద్దరం ఒక దినం ఏడ్చి ఊరుకునేవాళ్లం గదా."

ఆపరేషన్ అయింది. ఎడమవైపు మెడలో కొన్ని బిళ్లలకు కూడా జబ్బు చేరి ఉంది, వాటినీ తీశారు. పసరు కట్టిన వారాల్లోనే చేరిందా, ముందే ఉందా అని అడిగాను. "చెప్పలేమమ్మా" అన్నారు డాక్టరు. ఆ జవాబులో నిజాయితీ ఉంది. నాకు శాంతి మాత్రం లేదు. ఆ క్లినిక్‌లో నాలుగు వేళ్లు ఆనించి ఉంటే, ఈ వరండాలో ఇంకో పావుగంట గడిపి ఉంటే ఎవరూ ఈ ప్రశ్న అడగాల్సిన అవసరమే ఉండేది కాదు.

అయోడిన్ మందు కూడా అయ్యాక, చలి మొదలయ్యే రోజుల్లో ప్రమీల పనిలోకి వచ్చింది. గొంతు కొంచెం బరువెక్కింది, పోలేదు. మెడ మీద గీతను దాచుకోలేదు. స్కార్ఫ్ లేదు. నెల తిరిగేసరికి పాత వేగం వచ్చింది. అయినా లైన్ల లెక్కలో కాస్త తేడా కనిపించి యాదగిరి గారు ఆమె వెనక వచ్చి నిలబడ్డారు.

"ఏందమ్మా, ఈ సెంటెన్స్ మొత్తం చేత్తోని కొడుతున్నవ్? షార్ట్‌కట్ మర్చిపోయినవా?"

"మర్చిపోలేదు సార్. ఇదొక్కటి నేను ఇట్లే కొడ్తా. పైసలు తగ్గితే తగ్గనీ."

ఆయన తెర మీద వాక్యాన్ని మొదటిసారి చదువుతున్నట్టు చదివారు. ఆమె మెడ వైపు చూశారు. "కొట్టు బిడ్డా" అని వెళ్లిపోయారు. మర్నాడు నేను కూడా నా ఎక్స్‌పాండర్‌లోంచి ఆ మూడక్షరాలు తీసేశాను.

ఈ పాఠం నాకు ఎంత వంటబట్టిందో ఆ చలికాలం చివర్లోనే తెలిసింది. పాపకు జ్వరం తగ్గకపోతే మదీనాగూడలోనే ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పాప నా ఒళ్లో ఉంది. ఎప్పటినుంచి జ్వరం, ఎంత తాగింది, ఎన్నిసార్లు కక్కింది అని అడిగినవన్నీ నేనే చెప్పాను. పరీక్షల కాగితం చూశాక ఆయన కుర్చీ మా ఆయన వైపు తిప్పుకుని, గొంతు తగ్గించి, "మీరొకసారి ఇటు రండి. ఆవిడ కంగారు మనిషిలా ఉన్నారు" అన్నారు.

మా ఆయన లేవబోయారు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టాను.

"నిజమేనండీ, నేను కంగారు మనిషినే" అన్నాను డాక్టరుతో. "కంగారు పడుతూనే వింటాను. నాకు చెప్పండి."